నానో కలిపిన ఫైర్ కోటింగ్: సగం మందం చాలంటున్నారు, నమ్మొచ్చా?

దువ్వాడ సైట్ ఇంజనీర్
సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. అచ్యుతాపురం దగ్గర ఒక గోడౌన్ కడుతున్నాం. ఉక్కు ఫ్రేము, మధ్యలో మెజనైన్, అంటే సగం అంతస్తు. కాలమ్స్ ఐఎస్‌ఎంబీ 600, మెజనైన్ సెకండరీ బీములు ఐఎస్‌ఎంబీ 300, బ్రేసింగ్ 75 బై 75 బై 6 యాంగిల్స్. ఐఎస్‌ఎంబీ అంటే ఐ ఆకారపు ఉక్కు సెక్షన్, పక్క అంకె దాని లోతు మిల్లీమీటర్లలో. ఫైర్ కన్సల్టెంటు గారు 60 నిమిషాల రేటింగ్, అంటే మంటలో గంటసేపు ఫ్రేము నిలబడాలని అడిగారు. మంట తగిలితే ఉబ్బి ఉక్కుని కాపాడే, పొంగే రకం పెయింటు వేద్దామనుకున్నాం. ఇద్దరు కొటేషన్ ఇచ్చారు. ఒకరిది మామూలు సరుకు, పూత మందం ఒక్కో మెంబర్‌కీ (బీము, కాలమ్ లాంటి ఉక్కు భాగానికి) వేరుగా పట్టిక ఇచ్చారు. రెండోవారు "మాది నానో, అందుకని సగం మందంతో అదే గంట వస్తుంది" అంటున్నారు, అన్నిటికీ ఒకటే మందం రాశారు. ధర బాగా తక్కువ. ఓనరుగారికి రెండోదే నచ్చింది. నాకు సివిల్ వచ్చు గానీ ఈ కెమిస్ట్రీ రాదు. సముద్రం మాకు నాలుగైదు కిలోమీటర్లే. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. సంతకం పెట్టాల్సింది నేను, నిద్ర పట్టడం లేదు.

ఉక్కునగరం రిటైర్డ్
సోమవారం రాత్రి 10:25

బాబూ, మీ ప్రశ్నలోనే ఒక జవాబుంది. "అన్నిటికీ ఒకటే మందం" అని రాశారు చూడండి, అక్కడే ఆగాలి. నానో సంగతి తర్వాత.

ఉక్కు కాలదు, కానీ మెత్తబడుతుంది. ఉక్కు నిర్మాణాలకి మన ప్రమాణం ఐఎస్ 800, 2007 నాటిది, అందులో 16వ అధ్యాయం అంతా మంట గురించే. దాని ప్రకారం 215 డిగ్రీల దాకా ఉక్కు బలం పూర్తిగా లెక్కలోకి వస్తుంది. ఆ తర్వాత 905 లోంచి వేడి తీసేసి 690తో భాగిస్తే మిగిలిన బలం. అంటే 560 డిగ్రీలకి సగం. మంట సమయంలో మెంబరు మీదున్న బరువు దాని శక్తిలో సగం ఉంటే 560 దగ్గర అది చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు మీ సెక్షన్లు. ఐఎస్‌ఎంబీ 300 చుట్టుకొలత సుమారు 1145 మిల్లీమీటర్లు, మీటరుకి 44 కిలోలు. నాలుగు వైపులా మంట తగిలితే అదే అధ్యాయంలోని సూత్రం ప్రకారం 550 డిగ్రీలకి చేరడానికి సుమారు 14 నిమిషాలు. ఐఎస్‌ఎంబీ 600కి 17. ఆ యాంగిల్‌కి లెక్క వేయకండి, బాధ కలుగుతుంది. చుట్టుకొలతని అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే 600కి 130 దగ్గర వస్తుంది, 300కి 200, మీ యాంగిల్‌కి దాదాపు 350. ఎంత ఎక్కువైతే అంత తొందరగా వేడెక్కుతుంది, అంత మందం పూత కావాలి. పల్చటి మూకుడు పొయ్యి మీద పెట్టగానే కాలుతుంది, దిబ్బరొట్టె వేసే మందపు మూకుడు నిదానంగా కాలుతుంది, అంతే తేడా. మూడింటికీ ఒకటే మైక్రాన్లు రాసినవాడు లెక్క వేయలేదని అర్థం.

పూతల కెమిస్ట్
మంగళవారం ఉదయం 7:10

మాస్టారు పునాది వేశారు కాబట్టి పూత లోపల ఏం జరుగుతుందో నేను చెప్తాను. ఇరవై ఏళ్లుగా పెయింట్ల ఫార్ములేషన్‌లో ఉన్నాను.

మామూలు పొంగే పెయింటులో ముఖ్యంగా మూడు సరుకులు. అమ్మోనియం పాలీఫాస్ఫేట్ వేడికి విడిపోయి ఆమ్లం ఇస్తుంది. పెంటాఎరిత్రిటాల్ ఆ ఆమ్లంతో కలిసి బొగ్గుగా మారుతుంది. మెలమైన్ అమ్మోనియా లాంటి వాయువులు వదిలి ఆ బొగ్గు మెత్తగా ఉన్నప్పుడే పొంగిస్తుంది. వీటిని పట్టి ఉంచే రెసిన్ అదే వేడికి కరగాలి. ఈ నాలుగూ ఒకదాని వెనక ఒకటి సరైన సమయానికి జరగాలి. పూరీ పిండి గుర్తు తెచ్చుకోండి. పిండి గట్టిగా ఉంటే పొంగదు, జారుగా ఉంటే చిరిగి ఆవిరి పోతుంది. సరిగ్గా కుదిరితే మిల్లీమీటరు పూత కొన్ని సెంటీమీటర్ల నురుగు అవుతుంది, ఆ నురుగు గుల్లల్లోని గాలే ఉక్కుని కాపాడేది.

అయితే ఆ నురుగు బొగ్గు. బొగ్గు ఎర్రగా కాలిన చోట 600 డిగ్రీలు దాటాక గాలి తగిలి మెల్లగా కరిగిపోతుంది. ప్రామాణిక మంట వక్రం, ఐఎస్‌ఓ 834, 5 నిమిషాలకే 576 డిగ్రీలు, 30 నిమిషాలకి 842, గంటకి 945. అంటే గంటలో ఎక్కువ భాగం ఆ నురుగు తనను తాను తింటూ నిలబడాలి. అందుకే పెయింటులో టైటానియం డయాక్సైడ్ ఉంటుంది. తెలుపు కోసమే కాదు, ఫాస్ఫేట్‌తో కలిసి టైటానియం పైరోఫాస్ఫేట్ అనే తెల్లని పింగాణీ లాంటి పొర ఇస్తుంది, బొగ్గు పోయినా ఆ అస్థిపంజరం మిగులుతుంది. నానో పదార్థాలు పనిచేసేది సరిగ్గా ఈ ఘట్టంలో.

ఏయూ స్కాలర్
మంగళవారం ఉదయం 11:05

నమస్కారం సార్. నా పరిశోధన క్లే నానోకాంపోజిట్స్ మీదే కాబట్టి ఇక్కడ ఆగలేకపోయాను.

మాంట్‌మోరిల్లొనైట్ అని ఒక బంకమన్ను ఖనిజం. దాని ఒక్కో రేకు మందం ఒక నానోమీటరు, వెడల్పు వందల నానోమీటర్లు. రేకులు విడివిడిగా పెయింటులో పరుచుకుంటే మంటలో అవన్నీ నురుగు పైభాగానికి చేరి ఒకదాని మీద ఒకటి కప్పుకుంటాయి. వేడి గాలి లోపలికి రావాలన్నా, లోపలి వాయువు బయటికి పోవాలన్నా వంకర టింకర దారి పట్టాలి. ఫాస్ఫేట్‌తో కలిసి గట్టి పింగాణీ కూడా అవుతుంది. కానీ రేకులు విడిపోవాలి. ఆత్రేయపురం పూతరేకులు తేమ తగిలి అతుక్కుపోతే ఏమవుతుంది? ముద్ద. క్లే కూడా అంతే, పైన సేంద్రియ ఉప్పు పూసి బాగా షియర్ ఇచ్చి, అంటే రేకులు విడేలా బలంగా రాపాడించి కలపకపోతే మామూలు మట్టి వేసినట్టే.

నానో సిలికా నురుగు జిగటని పెంచి గుల్లలు చిన్నవిగా, ఒకేలా ఉండేలా చేస్తుంది. కార్బన్ నానోట్యూబులు, గ్రాఫీన్ నురుగులో ఇనుప చువ్వల్లాగా పనిచేసి పగుళ్లని ఆపుతాయి, కానీ వాటికి వేడిని మోసే గుణం కూడా ఉంది, ఎక్కువైతే నష్టం. లేయర్డ్ డబుల్ హైడ్రాక్సైడ్ అని ఇంకోటుంది. అది వేడికి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, పైగా తుప్పు తెచ్చే ఉప్పులోని క్లోరైడ్‌ని పొరల మధ్య పట్టుకోగలదు. సముద్రపు ఊరికి నాకు అన్నిటికంటే ఆసక్తిగా ఉన్నది అదే.

మోతాదు మాత్రం చాలా తక్కువ. నేను ప్లేట్ల మీద చేసినప్పుడు ఒకటి రెండు శాతం క్లే దగ్గర నురుగు గట్టిగా, పగుళ్లు లేకుండా వచ్చింది. ఆరు శాతం వేస్తే పైకి లేవనే లేదు, కెమిస్ట్ గారన్న గట్టి పూరీ అయింది. అందుకే "మాది నానో" అన్న మాటకి నా దృష్టిలో అర్థం లేదు. ఏ పదార్థం, ఎంత, ఎలా విడదీశారు అని అడగాలి.

గాజువాక ఫ్యాబ్రికేటర్
మంగళవారం మధ్యాహ్నం 2:30

నాకు ఆటోనగర్ వైపు ఒక పార్టీ ఇలాగే నానో పౌడరు ప్యాకెట్లు పంపారండీ. మామూలు ఫైర్ పెయింటు డబ్బాలో కలిపి కొట్టుకోమన్నారు, గంట కాస్తా రెండు గంటలైపోతుందన్నారు. డ్రిల్లు మిషనుకి కలిపే పుల్ల తగిలించి కలిపాం. స్ప్రే నాజిల్ మూడుసార్లు మూసుకుపోయింది. ఆరాక చేత్తో తడిమితే ఇసుక కాగితంలాగుంది. ఆ పని మేము మళ్లీ గీకేసి కొట్టాం, నష్టం నా మీదే పడింది. దువ్వాడ సారూ, మీవాళ్లు ఫ్యాక్టరీలోనే కలుపుతారా, సైట్లోనా? అది ముందు అడగండి.

పూతల కెమిస్ట్
మంగళవారం మధ్యాహ్నం 3:15

ఫ్యాబ్రికేటర్ గారూ, మీరు గీకేయించడం చాలా మంచి పని. నానో కణాలకి ఒకదానికొకటి అతుక్కునే గుణం బలంగా ఉంటుంది. డ్రిల్లు పుల్లతో విడవవు. అయినా దానికంటే పెద్ద సంగతి ఒకటి. పొంగే పెయింటుకి ఇచ్చే సర్టిఫికెట్ ఆ పెయింటు మొత్తం ఫార్ములాకి, ఆ ప్రైమర్ మీద, ఆ టాప్ కోటు కింద. అందులో చెంచాడు ఏదైనా కలిపిన క్షణం నుంచి ఆ కాగితం మీ డబ్బాది కాదు. నానో పదార్థం తయారీదారు దగ్గరే కలిసి ఉండాలి, కలిసిన దాన్నే కొలిమిలో పరీక్షించి ఉండాలి.

నానో అంటేనే కొత్త అని కూడా భయపడక్కర్లేదు. ఫ్యూమ్డ్ సిలికా పెయింట్లు జారకుండా దశాబ్దాలుగా వేస్తున్నాం, దాని కణాలు పదుల నానోమీటర్లే.

పరవాడ సేఫ్టీ
మంగళవారం సాయంత్రం 6:50

ఇంతమంది ఇంత బాగా రాస్తున్నారు, ఒక్కరూ అడగలేదు. ఆ గోడౌన్లో ఏం పెడతారండీ? అట్టపెట్టెలా, సాల్వెంట్ డ్రమ్ములా?

అట్టలు, చెక్క, గుడ్డలైతే కెమిస్ట్ గారు చెప్పిన వక్రం సరిపోతుంది. టోలూయిన్, అసిటోన్ లాంటివి పెడితే అది హైడ్రోకార్బన్ మంట. యూఎల్ 1709 పరీక్షలో 5 నిమిషాలకే 1093 డిగ్రీలు. ఆ దెబ్బకి పల్చటి నీటి పెయింటు పనికిరాదు, మందపాటి ఎపాక్సీ రకమో సిమెంటు రకమో కావాలి. 1997 సెప్టెంబరు 14 నాడు విశాఖ రిఫైనరీ మీద లేచిన పొగ చూసిన ఊరు మనది. ఎల్పీజీ మంట ఎలా ఉంటుందో ఇక్కడ పెద్దవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో మాట, పెయింటు కొట్టే కుర్రాళ్ల గురించి. తడి పెయింటులో నానో కణాలు బంధించి ఉంటాయి. పౌడరు ఒంపినప్పుడు, ఆరిన పూతని ఇసుక కాగితంతో రుద్దినప్పుడు, స్ప్రే మంచులో గాల్లోకి వస్తాయి. గుడ్డ మాస్కు చాలదు. కార్బన్ నానోట్యూబుల్లో ఒక రకాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2014లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటి జాబితాలో చేర్చింది. కార్ట్రిడ్జ్ మాస్కు ఖర్చు కొటేషన్లో వేరే వరుసగా రాయించండి.

దువ్వాడ సైట్ ఇంజనీర్
మంగళవారం రాత్రి 9:15

అందరికీ చేతులెత్తి దండం. గోడౌన్లో ప్యాకింగ్ మెటీరియలే, అట్టలు, ప్లాస్టిక్ కవర్లు. సాల్వెంట్లు వేరే షెడ్డు. ఓనరుగారితో రాతపూర్వకంగా తీసుకుంటాను.

రెండోవారిని సర్టిఫికెట్ అడిగాను. వాట్సాప్‌లో పంపారు. బీఎస్ 476 పార్ట్ 7, క్లాస్ 1 అని ఉంది. బీఎస్ 476 అంటే ఫైర్ టెస్టే కదా, ఇది సరిపోతుందా?

ఫైర్ ఆడిటర్
మంగళవారం రాత్రి 9:50

సరిపోదు! దయచేసి దీని మీద సంతకం పెట్టకండి.

బీఎస్ 476లో చాలా పార్టులున్నాయి. పార్ట్ 7 అంటే ఒక పలక మీద మంట ఎంత దూరం పాకుతుంది అనే పరీక్ష. గోడ రంగుకి, చెక్క పలకకి అడిగేది. ఆ పూత కింద ఉక్కు ఎంతసేపు చల్లగా ఉంటుందో అందులో ఒక్క అంకె ఉండదు. మీకు కావాల్సింది బరువు మోసే మెంబర్ల పరీక్ష, అది పార్ట్ 21, లేదా ఐరోపా వాళ్ల ఈఎన్ 13381-8, లేదా యూఎల్ 263. మన ఐఎస్ 3809 కూడా మంటకి ఓర్చుకునే కాలం కొలిచే ప్రమాణమే. రూర్కీలో కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్‌ఐకి మంట పరిశోధన ల్యాబ్ ఉంది.

సరైన రిపోర్టు చేతికొచ్చాక కూడా మూడు చోట్ల వేలు పెట్టి చూడండి. ఒకటి, అందులో సెక్షన్ ఫ్యాక్టర్, అంటే మాస్టారు చుట్టుకొలతని వైశాల్యంతో భాగించి చెప్పిన అంకె, ఎంతదాకా ఉంది. 200 దాకా పరీక్షించి మీ 350 యాంగిల్‌కి గీత పొడిగిస్తే ఒప్పుకోకండి. రెండు, ఏ ఉక్కు వేడికి మందం ఇచ్చారు. 620 డిగ్రీలకి ఇస్తే మైక్రాన్లు తక్కువ కనిపిస్తాయి, మీ డిజైనర్ 550 అంటే ఆ పట్టిక మీది కాదు. "సగం మందం" మాయ చాలాసార్లు ఇక్కడే ఉంటుంది, నానోలో కాదు. మూడు, ఐ సెక్షన్‌కి వచ్చిన అంకెని బాక్స్ సెక్షన్‌కి వాడకూడదు.

ఉక్కునగరం రిటైర్డ్
మంగళవారం రాత్రి 10:30

పార్ట్ 7 కాగితం చూపించి ఉక్కుకి గంట అనడం చూసి రాత్రి అన్నం సహించలేదు నాకు.

2005 ఫిబ్రవరిలో మాడ్రిడ్‌లో విండ్సర్ టవర్ కాలింది. అప్పటికి మరమ్మతులు నడుస్తున్నాయి. కింది అంతస్తుల ఉక్కుకి చాలావరకు మంట రక్షణ వేసేశారు, 17వ అంతస్తు పైన ఇంకా వేయలేదు. రక్షణ లేని పైభాగంలో చుట్టూ ఉన్న ఉక్కు స్తంభాలు లొంగి అంతస్తుల అంచులు కిందికి రాలాయి. కింది భాగం నిలబడింది. ఒకే భవనం, ఒకే రాత్రి. మా ట్రైనీలకి ఏటా ఆ ఫోటోలే చూపించేవాణ్ణి.

ఏయూ స్కాలర్
బుధవారం ఉదయం 8:20

ఒక చిన్న భిన్నాభిప్రాయం, మాస్టారు అన్యథా భావించవద్దు. ప్రతి సెకండరీ బీముకీ పూత తప్పనిసరా అని కూడా అడగొచ్చు కదా. 1990లలో బ్రిటన్‌లో కార్డింగ్‌టన్ దగ్గర నిజమైన ఎనిమిదంతస్తుల ఉక్కు భవనంలోనే మంట పెట్టి చూశారు. పైన కాంక్రీటు స్లాబ్‌తో కలిసి పనిచేసే బీములు రక్షణ లేకుండా బాగా వేడెక్కి సాగినా అంతస్తు కూలలేదు, స్లాబు దుప్పటిలా పట్టుకుంది. డబ్బు ఆదా చేయాలంటే పూత పల్చన చేయడం కంటే ఈ దారి నిజాయితీగా ఉంటుందేమో.

ఉక్కునగరం రిటైర్డ్
బుధవారం ఉదయం 9:05

అమ్మా, అన్యథా ఎందుకు భావిస్తాను, మంచి మాటే అన్నావు. అయితే అక్కడ కూడా కాలమ్స్‌కి రక్షణ ఉంది. పైన స్లాబులో స్టీలు ఉంది, స్లాబుని బీముకి పట్టించే స్టడ్లు ఉన్నాయి. మన గోడౌన్ మెజనైన్ మీద చాలా చోట్ల చెకర్డ్ ప్లేటే, అంటే గళ్ల ఉక్కు రేకే పరుస్తారు. దువ్వాడ ఇంజనీరు గారిది ఏదో?

దువ్వాడ సైట్ ఇంజనీర్
బుధవారం ఉదయం 9:30

చెకర్డ్ ప్లేటేనండీ. కాబట్టి బీములన్నిటికీ పూత వేయిస్తాను.

స్ప్రే మేస్త్రి
బుధవారం మధ్యాహ్నం 1:10

నాను సదువుకున్నోడిని కాదు, పాతికేళ్ల నుంచి తుపాకీ పట్టుకుని పెయింటు కొడుతున్నాను. మీరందరూ మంట గురించే సెప్తన్నారు. మన ఊర్లో మంట కంటే ముందు వొచ్చీది సముద్రం గాలి. యారాడ వైపు ఒక షెడ్డుకి ఈ పొంగీ పెయింటే కొట్టాం. పైన టాప్ కోటు తర్వాత కొడదుం అని ఓనరు ఆపీసినాడు. రెండు వానాకాలాలు పోయీసరికి పెయింటు మీద తెల్లటి పిండి నాగ వొచ్చీసింది, ఏలితో నొక్కితే మెత్తగా ఉంది. అది పొంగుద్దేటండీ ఇంక?

పూతల కెమిస్ట్
బుధవారం మధ్యాహ్నం 2:00

మేస్త్రి గారూ, ఈ చర్చ మొత్తంలో విశాఖకి అన్నిటికంటే ముఖ్యమైన మాట మీరు చెప్పారు. ఆ తెల్లపిండి పెయింటులోంచి బయటికొచ్చిన సరుకే. పెంటాఎరిత్రిటాల్ నీళ్లలో కరుగుతుంది, అమ్మోనియం పాలీఫాస్ఫేట్ కూడా, ముఖ్యంగా దాని మొదటి రూపం, తేమకి కొద్దికొద్దిగా కరుగుతుంది. పొడవైన గొలుసున్న రెండో రూపం మేలు. అవి కారిపోయాక మిగిలేది పొంగని రంగు మాత్రమే. గేజు పెడితే మైక్రాన్లు సరిగ్గానే చూపిస్తుంది, అదే ప్రమాదం.

అందుకని దువ్వాడ గారూ, సర్టిఫికెట్‌లో మంట తర్వాత తేమ చూడండి. ఐరోపా పద్ధతిలో ఆరుబయటికి ఎక్స్, సగం బయటికి వై, లోపల తేమ ఉన్నచోటికి జెడ్ 1, పొడి గదికి జెడ్ 2 అని తరగతులుంటాయి. అచ్యుతాపురం గోడౌన్, రోలింగ్ షట్టర్లు రోజంతా తెరిచి ఉంటాయి కాబట్టి జెడ్ 2 సరుకు పెట్టకండి. కట్టే సమయంలో పైకప్పు వేయకముందు వానకి తడిసే నెలలు కూడా లెక్కలోవే.

నానో విషయంలో నాకు నిజంగా ఆశ ఉన్నది కూడా ఇక్కడే. క్లే రేకులు సరిగ్గా విడిపోతే మంటలో వాయువుకి అడ్డుపడ్డట్టే చల్లగా ఉన్నప్పుడు నీటికీ అడ్డుపడతాయి. "సగం మందం" అని అమ్మేకంటే "రెండు వానాకాలాల తర్వాత కూడా అంతే పొంగుతుంది" అని పరీక్షించి చూపిస్తే నేనే మొదట కొనమంటాను.

స్ప్రే మేస్త్రి
బుధవారం మధ్యాహ్నం 2:40

అలాగైతే ఇంకో మాట కూడా రాసుకోండి బాబూ. ఉక్కు యార్డులో పడుకుని ఉంటే ఉప్పు పట్టీసుద్ది, కంటికి కనపడదు. బ్లాస్టింగ్‌తో తుప్పు రాల్చీముందు మంచినీళ్లతో కడిగించండి. హుద్‌హుద్ తర్వాత కడక్కుండా కొట్టిన పెయింటు ఏడాదికే బుడగలొచ్చి పోనాది, నా కళ్లారా చూసినాను. పొద్దున్న ఎనిమిదికి ఇనుము మీద చెయ్యి పెడితే చెమ్మ తగుల్తాది, పది దాటేదాకా తుపాకీ ఎత్తొద్దు. ఒక్క రోజే మందమంతా కొట్టీమంటారు ఓనర్లు, కొట్టకండి. లోపల ఆరదు, కారిపోద్ది.

గాజువాక ఫ్యాబ్రికేటర్
బుధవారం సాయంత్రం 5:20

మేస్త్రి చెప్పింది నూటికి నూరు. గాలిలో తేమ చెమ్మగా మారే వేడి కంటే ఉక్కు వేడి కనీసం మూడు డిగ్రీలు పైనుండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. మీటరు మా దగ్గరుంది, కావాలంటే పంపుతాను. ఉక్కు మీద ఎంత ఉప్పుందో కొలిచే బ్రెస్లె ప్యాచ్ టెస్టు చేయించండి.

దువ్వాడ సైట్ ఇంజనీర్
శుక్రవారం రాత్రి 8:45

ఆలస్యానికి క్షమించండి, నిన్నంతా ఓనరుగారితోనే కూర్చున్నాను. మీ పోస్టులన్నీ ప్రింటు తీసి చూపించాను. ఆయన ఎక్కువసేపు మేస్త్రి గారి తెల్లపిండి మాట దగ్గరే ఆగారు.

నానో వాళ్లకి ఫోన్ చేసి ఏ పదార్థం, ఎంత శాతం, పార్ట్ 21 రిపోర్టు ఏది అని అడిగాను. "అది మా రహస్యం" అన్నారు. ఫార్ములా రహస్యమైతే ఒప్పుకుంటాను గానీ కొలిమి రిపోర్టు రహస్యం ఎలా అవుతుందని అడిగితే మళ్లీ ఫోన్ ఎత్తలేదు. మొదటివారి దగ్గర 550 డిగ్రీలకి మెంబరు వారీ పట్టిక, తేమ తరగతి జెడ్ 1, ప్రైమర్, టాప్ కోటు పేర్లతో సహా ఉన్నాయి. వాళ్లనే తీసుకుంటున్నాం. 75 యాంగిల్ వాళ్ల పట్టిక దాటిపోతోంది కాబట్టి డిజైనర్ ఆ బ్రేసింగ్‌ని మందమైన సెక్షన్‌కి మారుస్తున్నారు. టన్నేజీ కొంచెం పెరిగింది, పూత తగ్గింది.

స్కాలర్ గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. మీ క్లే కలిపిన నమూనా, మేము కొనే పెయింటు, రెండూ చెరో ఆరు ప్లేట్ల మీద వేసి మా సైట్ ఆఫీసు డాబా మీద సముద్రం వైపు పెట్టనిస్తారా? ఓనరుగారు ఒప్పుకున్నారు. ఆరు నెలలకోసారి రెండేసి తీసి మీ ల్యాబ్‌లో పొంగు చూడండి.

ఏయూ స్కాలర్
శుక్రవారం రాత్రి 9:20

తప్పకుండా సార్, ఇలాంటి అవకాశం కోసమే చూస్తున్నాను. మా గైడు గారితో రేపే మాట్లాడతాను. ప్లేట్లు 10 బై 10 సెంటీమీటర్లు, 5 మిల్లీమీటర్ల మందం ఉంటే మా బర్నర్ స్టాండుకి సరిపోతాయి. అంచులు కూడా పూయించండి, లేకపోతే తుప్పు పక్కనుంచి మొదలై లెక్క చెడగొడుతుంది. చెరో రెండు ప్లేట్లు అదనంగా చేసి గదిలో పొడిగా ఉంచండి, పోల్చుకోవడానికి.

స్ప్రే మేస్త్రి
శుక్రవారం రాత్రి 9:45

ఆ ప్లేట్లకి పెయింటు నానే కొడతాను, కూలి వొద్దు. ఆదివారం పది దాటాక రమ్మంటే వొస్తాను. ముందు రోజు మంచినీళ్లతో కడిగించి, బ్లాస్టింగ్ చేయించి, గోనె కప్పించండి.